శాన్ రఫెల్ స్వెల్‌లో గుడారం, మట్టిదారుల్లో బండి: మూడు రోజులకు ఎలా సిద్ధం కావాలి

యూటా అనగానే మనవాళ్లు ఆర్చెస్, జయన్, బ్రైస్ చుట్టి వచ్చేస్తారు. ఆ పార్కుల మధ్య మ్యాపులో ఖాళీగా కనిపించే నేలలో చాలా భాగం బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్‌ది, అంటే సమాఖ్య ప్రభుత్వ భూములు చూసే బీఎల్ఎంది. ఒక్క యూటాలోనే ఆ సంస్థ చేతిలో సుమారు 2.28 కోట్ల ఎకరాలున్నాయి. చాలాచోట్ల గేటుండదు, టికెట్టుండదు, కుళాయీ ఉండదు. సిగ్నలూ ఉండదు. గుడారం వేసుకుని పగలంతా మట్టిదారుల్లో బండి తిప్పాలనుకునేవాళ్లు తొలిసారి మోయాబ్‌కి పరిగెడతారు గానీ, మొదట శాన్ రఫెల్ స్వెల్ అనే ఎడారి ప్రాంతానికి వెళ్లడమే మేలు. మోయాబ్ ఊరి చుట్టుపక్కల క్యాంపింగ్ మీద ఆంక్షలు ఎక్కువ, జనం ఎక్కువ, పేరున్న దారుల్లో చాలా నిటారు రాతి వాలులు. స్వెల్‌లో అయితే మామూలు కంకర రోడ్డుతో మొదలుపెట్టి, చెయ్యి తిరిగాక కష్టమైన దారికి పోవచ్చు.

స్వెల్ ప్రైస్ పట్టణానికి దక్షిణంగా ఉంటుంది. ఐ-70 హైవే దాని నడుమనుంచి పోతుంది. సాల్ట్ లేక్ సిటీ నుంచి ప్రైస్‌కి రెండు గంటల ప్రయాణం. ఇక్కడి దారులు చాలావరకు 1950లలో యురేనియం వెతుకులాటకు బుల్డోజర్లు చీల్చినవి. అందుకే కొన్ని ఎక్కడికీ చేరవు, పాత గని నోటి దగ్గర ఆగిపోతాయి. ఆ గనుల్లోకి తొంగిచూడడం కూడా వద్దు. లోపల రేడాన్ వాయువు, కుళ్లిన కలప ఊతాలు, చీకట్లో కనపడని నిలువు గోతులు ఉంటాయి.

వెళ్లాల్సిన కాలం మార్చి చివరి నుంచి మే దాకా, మళ్లీ సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు దాకా. ఎండాకాలంలో 38 డిగ్రీలు దాటుతుంది. జులై, ఆగస్టుల్లో దానికి తోడు ఉరుముల వానలు, వాటి వెంట వాగుల్లో హఠాత్తు వరదలు.

దారి తెరిచి ఉందా?

అందరూ ముందు అడిగేది "నా బండి వెళ్తుందా" అని. దానికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఆ దారి బళ్లకు తెరిచి ఉందా లేదా అన్నది. ఇక్కడ బీఎల్ఎం గుర్తించిన దారుల్లోనే నడపాలి. నేలమీద చక్రాల జాడ కనిపించినంత మాత్రాన అది దారి కాదు, ముందు వెళ్లినవాడు తప్పు చేసి ఉండొచ్చు. 2019లో వచ్చిన చట్టంతో స్వెల్ ఉన్న ఎమెరీ కౌంటీలో సుమారు 6,63,000 ఎకరాలు బళ్లను రానివ్వని రక్షిత భూమిగా, అంటే వైల్డర్‌నెస్‌గా మారాయి. వాటి సరిహద్దు చాలాచోట్ల రోడ్డు అంచునే మొదలవుతుంది. అటు ఒక చక్రం దింపినా నేరమే, సైకిలు కూడా కుదరదు.

పాత మ్యాపుల్ని నమ్మొద్దు. మోయాబ్ దగ్గరి లాబిరింత్ రిమ్స్, జెమిని బ్రిడ్జెస్ ప్రాంతంలో 2023 సెప్టెంబరులో ఒక్క నిర్ణయంతో 317 మైళ్ల దారులు మూశారు. ఇలాంటి నిర్ణయాల మీద కేసులు నడుస్తాయి, కొన్ని మళ్లీ మారతాయి. కాబట్టి బయల్దేరే వారంలో బీఎల్ఎం ప్రైస్ ఫీల్డ్ ఆఫీసుకి ఫోన్ చేసి మూడు సంగతులు అడగండి: మీరు అనుకున్న దారులు తెరిచే ఉన్నాయా, ఎక్కడైనా కోతకు గురయ్యాయా, నిప్పు మీద నిషేధం ఉందా. క్యాంపు స్థలాల రుసుము, బుకింగ్ పద్ధతి కూడా అప్పుడే కనుక్కోండి, ఈమధ్య అవి మారుతున్నాయి.

గయా జీపీఎస్ గానీ ఆన్‌ఎక్స్ ఆఫ్‌రోడ్ గానీ పెట్టుకుని, ఆ ప్రాంతం మొత్తాన్ని వైఫై ఉన్నచోటే డౌన్‌లోడ్ చేయాలి. తర్వాత ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, మ్యాపు దగ్గరగా చేసి చూడండి. చాలామంది పైపైన కనిపించే మ్యాపే దించుకుంటారు, అక్కడికెళ్లి జూమ్ చేస్తే తెల్లటి గళ్లు తప్ప ఏమీ రావు. గూగుల్ మ్యాప్స్ ఊరు దాటించడానికి పనికొస్తుంది, ఆ తర్వాత కాదు. ఒక కాగితపు మ్యాపు కూడా బండిలో ఉండాలి. ఫారెస్ట్ సర్వీస్ నేలకు వెళ్తే అక్కడ చెల్లేది మోటార్ వెహికిల్ యూజ్ మ్యాప్. అది ఉచితం, నలుపు తెలుపుల్లో ఉంటుంది, కొండా లోయా ఏదీ చూపదు. దాన్ని మరో మ్యాపు పక్కన పెట్టుకుని చదవాలి.

ఏ బండి

విమానాశ్రయంలో అద్దెకిచ్చే ఎస్‌యూవీల ఒప్పందాలు దాదాపు అన్నీ మట్టిరోడ్డుని నిషేధిస్తాయి. అక్కడ దెబ్బ తగిలితే, మీరు అదనంగా కొన్న ఇన్సూరెన్సు కూడా చెల్లదు. సొంత బండి లేకపోతే, ఏ దారులకు అనుమతో రాసిచ్చే స్థానిక జీపు అద్దె దుకాణం దగ్గరే తీసుకోండి. రోడ్డు పక్క సాయం చేసే సభ్యత్వాలు కూడా చాలావరకు నిర్వహణలో ఉన్న రోడ్లకే పరిమితం. లోపలినుంచి బండిని లాక్కురావడానికి ప్రైవేటువాళ్లు వేల డాలర్లు అడుగుతారు.

రావ్-4, ఫారెస్టర్ లాంటి ఆల్ వీల్ డ్రైవ్ బళ్లు పొడి వాతావరణంలో స్వెల్‌లోని వెడ్జ్ ఓవర్‌లుక్, బక్‌హార్న్ డ్రా దారులకు చాలు. ఆపైన లో రేంజ్ గేరు (బండిని మెల్లగా, ఎక్కువ బలంతో నడిపేది) ఉండాలి, నేలకూ బండి అడుగుకూ మధ్య కనీసం 8 అంగుళాల ఎడం ఉండాలి. లో రేంజ్ అవసరం ఎక్కడానికే అనుకుంటారు. నిజానికి దాని విలువ దిగేటప్పుడే తెలుస్తుంది. ఇంజను పట్టి ఉంచుతుంది కాబట్టి బ్రేకులు కాగిపోవు.

బయల్దేరేముందు ఇంటి దగ్గరే ఒకసారి చక్రం ఊడదీసి బిగించండి. అప్పుడే అసలు లోపాలు బయటపడతాయి: స్పేర్ టైర్‌లో గాలి లేకపోవడం, కింద వేలాడే స్పేర్‌ని దించే కడ్డీ తుప్పు పట్టడం, లాక్ నట్లకు కావాల్సిన ప్రత్యేక సాకెట్టు ఇంట్లో ఏ డ్రాయర్లోనో ఉండిపోవడం. స్పేర్ సన్నటి డోనట్ రకమైతే కంకర దాటి లోపలికి పోవద్దు. జాకీ ఇసుకలో దిగబడుతుంది గనక అడుగు పొడవు, అడుగు వెడల్పున్న మందపాటి ప్లైవుడ్ ముక్క ఒకటి పెట్టుకోండి.

సైడ్-బై-సైడ్ (పక్కపక్కన సీట్లున్న చిన్న మట్టిదారి బండి), ఏటీవీ (నాలుగు చక్రాల మోటారుబైకు లాంటిది), డర్ట్ బైక్ అద్దెకు తీసుకునేవాళ్లకు మరో మాట. 2023 జనవరి 1 నుంచి యూటా ప్రభుత్వ భూముల్లో వాటిని నడిపే పెద్దవాళ్లు కూడా రాష్ట్రం పెట్టిన ఆన్‌లైన్ కోర్సు పూర్తిచేయాలి. 18 ఏళ్ల లోపు వాళ్లకు హెల్మెట్ తప్పనిసరి.

టైర్లలో గాలి

ఒక్క పనిమీదే శ్రద్ధ పెట్టగలిగితే దీనిమీద పెట్టండి. వేలు పోసి కొనే సామాన్లు చేయలేని పనిని గాలి తగ్గించడం చేస్తుంది. గాలి తగ్గితే నేలకు ఆనే భాగం పొడవుగా సాగుతుంది. ఇసుకమీద బరువు పరుచుకుంటుంది, రాతిమీద రబ్బరు ఒదిగి పట్టుకుంటుంది, పదునైన రాయి గుచ్చుకునే బదులు టైరు దానిమీద వంగి పోతుంది.

తలుపు దగ్గరి స్టిక్కరు మీద 35 పీఎస్ఐ ఉందనుకుందాం. దడదడలాడించే కంకర రోడ్డుకి 25 నుంచి 28. రాళ్లు, మెట్లలాంటి దారికి 18 నుంచి 22. మెత్తటి ఇసుకలో 15 నుంచి 18. మామూలు రిమ్ములతో 15కి దిగువన మలుపు తిప్పితే టైరు అంచు రిమ్మునుంచి ఊడే ప్రమాదం ఉంది. క్రాసోవర్ల (రావ్-4, ఫారెస్టర్ లాంటివి) టైర్లకు పక్కగోడ పొట్టి, వాటిని 24 కన్నా కిందికి తగ్గించకుండా ఉంటే మంచిది, లేకపోతే రాయి తగిలినప్పుడు రిమ్మే వంగుతుంది. గాలి తగ్గించిన టైర్లతో గంటకు 20, 25 మైళ్లు మించొద్దు. వేగం పెరిగితే పక్కగోడలు వేడెక్కి లోపలి పొరలు విడిపోతాయి. బయటికి కనిపించదు, తర్వాత హైవేమీద పేలుతుంది.

గాలి తీయడానికి ప్రత్యేక పరికరం లేకపోయినా ఫర్వాలేదు. చిన్న పుల్లతో వాల్వు పిన్ను నొక్కి, ముప్పై సెకన్లకు ఎంత తగ్గిందో గేజితో చూడండి. ఆ లెక్కన మిగతా మూడూ తీయొచ్చు. కొలత మాత్రం ఉదయం టైర్లు చల్లగా ఉన్నప్పుడే తీసుకోవాలి. వేడెక్కిన టైరు నాలుగైదు పీఎస్ఐ ఎక్కువ చూపిస్తుంది.

తిరిగి కొట్టే కంప్రెసరు దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. సిగరెట్ లైటర్ సాకెట్టుకు పెట్టేవి చిన్నవి. కాస్త పెద్దది అందులో గుచ్చితే 10, 15 ఆంపియర్ల ఫ్యూజు కాలిపోతుంది. బ్యాటరీకి నేరుగా క్లిప్పులు తగిలించే రకం కొనండి, ఇంజను నడుస్తుండగా వాడండి, రెండు టైర్లయ్యాక దాన్ని కాసేపు చల్లారనివ్వండి.

గుడారం ఎక్కడ

వెడ్జ్ దగ్గర, బక్‌హార్న్ డ్రాలో బీఎల్ఎం గుర్తించిన స్థలాల్లోనే దిగాలి. వెడ్జ్ సుమారు 6,200 అడుగుల ఎత్తున, శాన్ రఫెల్ నది కోసిన లోయ అంచున ఉంటుంది. లిటిల్ గ్రాండ్ కాన్యన్ అనేది దీన్నే. చిన్నపిల్లలుంటే అంచుకు దూరంగా ఉన్న స్థలం చూసుకోండి, ఎక్కడా కంచె లేదు. వసంతంలో శని ఆదివారాల్లో దొరకడం కష్టం, శుక్రవారం మధ్యాహ్నానికల్లా చేరాలి. దక్షిణం వైపు తిరగాలనుకుంటే టెంపుల్ మౌంటెన్ దగ్గర కూడా క్యాంపు స్థలం ఉంది.

గుర్తించిన స్థలాలు లేనిచోట ఇంతకుముందు జనం వాడిన గట్టి నేలమీదే దిగండి. నల్లగా, బుడిపెలు బుడిపెలుగా కనిపించే మట్టిపెంకు మీద అడుగు వేయొద్దు. అది సజీవమైన పొర. సయనోబాక్టీరియా, లైకెన్లు కలిసి ఇసుకను పట్టి ఉంచుతాయి, ఒకసారి నలిగితే కోలుకోవడానికి ఏళ్లూ దశాబ్దాలూ పడుతుంది. వాగు నేల చదునుగా, మెత్తగా ఊరిస్తుంది. అక్కడ గుడారం వేయకండి. పైన ఎక్కడో ఇరవై మైళ్ల దూరంలో కురిసిన వాన, ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉన్నా రాత్రికి రాత్రి వచ్చేస్తుంది. ఒకచోట ఉండగలిగేది సాధారణంగా 28 రోజుల్లో 14 రోజులు.

గాలి గురించి ఎవరూ చెప్పరు గానీ, ఏప్రిల్‌లో ఇక్కడ గుడారాలు ఎగిరిపోవడం మామూలే. గుడారంతో వచ్చే సన్నటి మేకులు ఇసుకలో నిలవవు. సంచుల్లో ఇసుక నింపి, తాడు కట్టి, అడుగు లోతున పాతండి. పగలు తిరగడానికి వెళ్లేముందు కర్రలు తీసి గుడారాన్ని నేలమీద పరిచి, పైన బరువు పెట్టిపోండి.

సామాను గుడారం దగ్గరే వదిలి తేలికైన బండితో తిరగడం ఈ పద్ధతిలో ఉన్న పెద్ద సుఖం. నీళ్లు, పనిముట్లు, దుప్పట్లు, ఒక పూట తిండి మాత్రం బండిలోనే ఉండాలి. రాత్రికి క్యాంపు చేరతామన్న హామీ ఏమీ లేదు.

నీళ్లు మనిషికి రోజుకి తాగడానికి ఒక గ్యాలన్, వంటకీ కడగడానికీ మరొకటి. నలుగురికి మూడు రోజులంటే 24, పైన అత్యవసరానికి 5. ఈ 29 గ్యాలన్ల బరువు సుమారు 110 కిలోలు. రూఫ్ మీద పెట్టకండి, పక్కవాలులో బండి ఒరుగుతుంది. వెనక ఇరుసుకు కాస్త ముందు, కింద, పట్టీలతో కట్టాలి. ఒకే పెద్ద డబ్బా కాకుండా నాలుగైదు డబ్బాల్లో నింపండి, ఒకటి కారినా మిగతావి ఉంటాయి. దక్షిణం వైపు గోబ్లిన్ వ్యాలీ స్టేట్ పార్కులో నీళ్లు దొరుకుతాయి.

వెడ్జ్ ఎత్తులో నీళ్లు సుమారు 94 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి. గిన్నెలో పెట్టిన కందిపప్పు గంటయినా పలుకు పోదు, గ్యాసు మాత్రం అయిపోతుంది. మూడు లీటర్ల ప్రెషర్ కుక్కరు తీసుకెళ్తే అన్నం, పప్పు రెండింటి సమస్యా తీరుతుంది. మొదటిరోజుకు ఇంట్లో కలిపిన పులిహోర, తర్వాత పొడులూ పచ్చళ్లూ ఉంటే ఐసుపెట్టెలో చోటు మిగులుతుంది. రాత్రి చలి సున్నాకి చేరితే బ్యూటేన్ డబ్బా స్టవ్ సరిగా మండదు, ప్రొపేన్ అయితే మండుతుంది. గిన్నెలు కడిగిన నీళ్లను వడగట్టి, మెతుకులు చెత్త సంచిలో వేయాలి. లేకపోతే ఎలుకలు ఆ రాత్రే, కాకోలాలు తెల్లారేసరికే వచ్చేస్తాయి.

మలవిసర్జనకు జెల్ పొడి ఉన్న వాగ్ బ్యాగులు మనిషికి రోజుకి ఒకటి చొప్పున, రెండు అదనంగా. మూత గట్టిగా పడే బకెట్టు ఒకటి. ఎడారి మట్టిలో పాతిపెట్టింది త్వరగా కుళ్లదు, అందుకే పాతకూడదు. నిప్పు రాజేయాలంటే ఫైర్ పాన్ అనే లోహపు పళ్లెం మీదే రాజేసి, బూడిద చల్లారాక మోసుకురావాలి. కట్టెలు ప్రైస్‌లో కొనుక్కోండి, అక్కడి జూనిపర్ కొమ్మల జోలికి పోవద్దు.

మూడు రోజులు, మూడు దారులు

మొదటిరోజు వెడ్జ్ నుంచి బక్‌హార్న్ డ్రా మీదుగా నది దాకా. కంకర రోడ్డు, రెండువైపులా ఎత్తైన గోడలు. దారిలో బారియర్ కాన్యన్ శైలి అనే ప్రాచీన ఆదివాసుల బొమ్మలున్న రాతిగోడ వస్తుంది, రెండువేల ఏళ్లకు పైబడినవి. చేతి నూనె తగిలితే రంగు పాడవుతుంది, దూరంనుంచే చూడండి. నది దగ్గర 1937 నాటి వేలాడే వంతెన ఉంది, బళ్లకు పక్కనే కొత్తది. అక్కడినుంచి ముందుకు పోతే ఐ-70 మీద 131వ ఎగ్జిట్ తగులుతుంది. ఈ రోజు పని టైర్ల గాలి, బండి అడుగు ఎత్తు మీద అంచనా కుదుర్చుకోవడమే.

రెండోరోజు ఐ-70కి దక్షిణాన హెడ్ ఆఫ్ సిన్‌బాడ్, అక్కడినుంచి రెడ్స్ కాన్యన్ చుట్టు. వాగులు పదేపదే దాటాలి, లో రేంజ్ అక్కడక్కడ పనికొస్తుంది. మూడోరోజు చెయ్యి తిరిగిందనిపిస్తే టెంపుల్ మౌంటెన్ నుంచి బిహైండ్ ద రీఫ్. మొదట బాగానే ఉంటుంది, పోనుపోను మెట్లు పెరుగుతాయి. చూట్ కాన్యన్ దగ్గర ఆగి, నడిచి చూసి, వెనక్కి తిరిగినా ఒక రోజుకు సరిపోతుంది.

దూరం కాదు, గంటలు లెక్కపెట్టండి. ఇలాంటి దారుల్లో సగటున గంటకి 8 నుంచి 12 మైళ్లు. ముప్పై మైళ్లంటే మూడు నాలుగు గంటలు. పెట్రోలు మామూలుకన్నా దాదాపు రెట్టింపు తాగుతుంది. గ్రీన్ రివర్ నుంచి పడమరగా సలైనా దాకా ఐ-70 మీద వంద మైళ్లకు పైగా ఒక్క బంకూ లేదు, కాబట్టి ప్రైస్‌లోనో గ్రీన్ రివర్‌లోనో నిండుగా పోయించాలి. ట్యాంకు సగానికి వచ్చినా, మధ్యాహ్నం ఒంటిగంట దాటినా, ముందు ఏమున్నా సరే వెనక్కి తిప్పేయండి.

రాయిని రెండు చక్రాల మధ్య నుంచి పోనివ్వాలనిపిస్తుంది, అదే తప్పు. అడుగున డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో కిందికి ఉండే గేర్ల పెట్టె) తగులుతుంది. చక్రాన్ని రాయిమీదికే ఎక్కించాలి. మెట్టు కనిపిస్తే ముందు దిగి నడవండి, ఏ చక్రం ఎక్కడ పడాలో చూసుకోండి. బయట నిలబడి సైగలు చేసేది ఒక్కరే. నలుగురూ తలో మాట అరిస్తే నడిపేవాడు ఎవరి మాటా వినడు. స్టీరింగు లోపలికి బొటనవేలు దూర్చి పట్టుకోకండి, చక్రం రాయికి తగిలి గిర్రున తిరిగితే వేలు విరుగుతుంది. ఇసుకలో ఒకే ఊపుతో వెళ్లాలి, మధ్యలో గేరు మార్చొద్దు, ఆగాల్సొస్తే పల్లంవైపు మూతిపెట్టి ఆగాలి. ఇరుకుదారిలో ఎదురుపడితే ఎక్కుతున్న బండికి దారివ్వడం మర్యాద, కానీ వెనక్కి పోవడం ఎవరికి సులువైతే వాళ్లే పోతే గొడవ ఉండదు.

వాన పడితే కదలొద్దు. ఇక్కడి బూడిదరంగు, ఊదారంగు నేలల్లో ఉండే బెంటొనైట్, తడిస్తే మన నల్లరేగడిలాగే ఉబ్బి పట్టుకుంటుంది. ఫోర్ వీల్ డ్రైవ్ ఉన్న బండి నాలుగు చక్రాలతోనూ జారుతుంది, అంతే తేడా. ఎండ కాస్తే ఒక రోజులో ఆరుతుంది. ఆ ఒక్క రోజుకోసమే అదనపు తిండి, నీళ్లు.

ఇరుక్కుంటే

చక్రం గిర్రున తిరిగిన క్షణంలోనే యాక్సిలరేటర్ మీదినుంచి కాలు తీయండి. ఇంకో పది సెకన్లు తొక్కితే ఇరుసు దాకా దిగిపోతుంది. వరస ఇదీ: టైర్ల గాలి ఇంకో మూడు నాలుగు పీఎస్ఐ తీయాలి, చక్రాల ముందూ అడుగు కిందా పారతో తవ్వాలి, ట్రాక్షన్ బోర్డులు (చక్రానికి పట్టునిచ్చే పలకలు) చక్రానికి ఆనేలా దూర్చాలి, లో రేంజ్‌లో మెల్లగా కదలాలి. చాలాసార్లు తవ్వడం సరిగా చేయకే బోర్డులు విసిరేసినట్టు వెనక్కి పోతాయి. వాటి వెనక ఎవరూ నిలబడకూడదు.

ఇంకో బండితో లాగాలంటే సాగే కైనెటిక్ తాడు వాడండి. జీపు సైజు బండికి ముప్పావు అంగుళం, పెద్ద పికప్‌కి 7/8 అంగుళం. తాడు తగిలించేది ఫ్రేముకు బోల్టు చేసిన రికవరీ పాయింటుకే. బండి కింద కనిపించే సన్నటి కొక్కేలు రవాణాలో కట్టడానికి పెట్టినవి, ఊడొస్తాయి. ట్రెయిలర్ బంతికి అసలే వద్దు. అది విరిగితే ఫిరంగి గుండే, మనుషులు చనిపోయారు. చూసేవాళ్లు తాడు పొడవుకి ఒకటిన్నర రెట్లు దూరంగా, పక్కకు నిలబడాలి.

రెండు బళ్లతో వెళ్లడమే క్షేమం. ఒక్కటే అయితే ఇన్‌రీచ్ లాంటి ఉపగ్రహ మెసెంజర్ తప్పనిసరి. ఐఫోన్ 14 నుంచి పైవాటిలో ఉపగ్రహం ద్వారా ఎమర్జెన్సీ ఎస్ఓఎస్ ఉంది గానీ, ఇరుకు లోయల్లో ఆకాశం కనిపించక ఆలస్యమవుతుంది. ఊళ్లో ఒకరికి బండి నంబరు, రోజువారీ దారి, "ఫలానా గంటలోపు ఫోన్ రాకపోతే ఎమెరీ కౌంటీ షెరిఫ్‌కి చెప్పు" అని రాసిచ్చిపోండి. బండి ఆగిపోతే దాన్ని వదిలి నడవకండి. వెతికేవాళ్లకు మనిషికన్నా బండి ముందు కనిపిస్తుంది.

ఇవి అలవాటయ్యాక కాన్యన్‌లాండ్స్‌లోని వంద మైళ్ల వైట్ రిమ్ రోడ్డు చూడొచ్చు. అది నేషనల్ పార్కు కాబట్టి పగటికీ రాత్రికీ వేర్వేరు పర్మిట్లు, కట్టెల మంట లేదు, ఏటీవీలు, సైడ్-బై-సైడ్లు లేవు, కుక్కలూ కుదరవు.

తారురోడ్డు ఎక్కేముందు గాలి కొట్టి, చక్రాల నట్లు బిగించి, సైలెన్సర్ దగ్గర ఎండుగడ్డి ఇరుక్కుందేమో వంగి చూడండి, అది అంటుకుంటుంది. ప్రైస్‌లో బండి కడిగించేటప్పుడు రిమ్ముల లోపలివైపు నీళ్లు గట్టిగా కొట్టించాలి. అక్కడ ఎండిన మట్టి గడ్డ ఉండిపోతే 60 మైళ్ల వేగం దగ్గర స్టీరింగు వణుకుతుంది. చాలామంది అలైన్‌మెంట్ పోయిందనుకుని గ్యారేజీకి పోయి డబ్బు పోసి వస్తారు.